సాంద్రత మైనస్‌లో వచ్చింది: మత్సుబారా సమ్‌తో నా అనుభవం

అమలాపురంలో మా ఇంట్లో కూర్చుని నాలుగు రోజులు ఒకే లెక్క దగ్గర ఆగిపోయాను. 1955లో జపాన్ భౌతిక శాస్త్రవేత్త మత్సుబారా చూపిన పద్ధతిలో, గ్రీన్ ఫంక్షన్ (కణాల ప్రవర్తనను వర్ణించే ఫంక్షన్) విలువలను విడివిడి ఫ్రీక్వెన్సీల మీద కూడి, ఒక శక్తి స్థాయిలో సగటున ఎన్ని ఫెర్మియాన్లు (ఎలక్ట్రాన్ వంటి కణాలు) ఉంటాయో రాబట్టాలి. ఆ కూడికే మత్సుబారా సమ్. బీటా (ఉష్ణోగ్రతకు విలోమం) 10, ఒక కణాన్ని చేర్చడానికి పట్టే శక్తి అయిన కెమికల్ పొటెన్షియల్‌ నుంచి కొలిచిన శక్తి 1. జవాబు దాదాపు 0.000045 రావాలి. నాకు మైనస్ 0.49995 వచ్చింది! కూడే ఫ్రీక్వెన్సీల సంఖ్య పెంచాను, ప్రోగ్రామ్ మళ్లీ రాశాను. అదే జవాబు. టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

తేడా సరిగ్గా అర అని గమనించాకే దారి దొరికింది. ఇమాజినరీ టైమ్ (ఈ పద్ధతిలో మామూలు సమయం బదులు వాడే చలరాశి) సున్నా దగ్గర గ్రీన్ ఫంక్షన్‌లో ఒక్కసారిగా ఒకటంత తేడా (జంప్) వస్తుంది. ధవళేశ్వరం లాకుల్లో తలుపుకు ఇటు ఒక నీటిమట్టం, అటు ఇంకో మట్టం ఉన్నట్టే. ఆ ఫంక్షన్‌ను ఫ్రీక్వెన్సీలుగా విడగొట్టిన ఫూరియే శ్రేణిని ప్లస్, మైనస్ ఫ్రీక్వెన్సీలకు సమానంగా కూడితే ఆ రెండింటి సగటే ఇస్తుంది. మనకు కావలసింది సున్నాకు కాస్త ముందున్న విలువ. పుస్తకాల్లో కనిపించే కన్వర్జెన్స్ ఫ్యాక్టర్ (కూడికలో ప్రతి పదానికీ గుణించే చిన్న ఘాతాంక పదం) చేసే పని ఇదే. నేను దాన్ని అలంకారం అనుకుని వదిలేశాను.

ఇప్పుడు తోకను, అంటే ఒకటి బై ఫ్రీక్వెన్సీగా తగ్గే భాగాన్ని, విడిగా తీసి చేత్తో లెక్కిస్తాను. దాని వాటా కచ్చితంగా అర. మిగిలిన కూడిక త్వరగా ఒక విలువ దగ్గర స్థిరపడుతుంది. కణాల మధ్య ఇంటరాక్షన్ (పరస్పర ప్రభావం) తెచ్చే మొదటి సవరణలైన హార్ట్రీ, ఫాక్ పదాలకూ ఇదే జాగ్రత్త కావాలి. ఇంటరాక్షన్ కలిపే ముందు, శక్తి సున్నా పెట్టి జవాబు 0.5 వస్తోందో లేదో చూడండి.