గ్రహాన్ని కొలుద్దాం – 5వ పాఠం: గుంట ఎందుకు పూడిపోయింది?

పోయిన పాఠంలో గ్రహాలను వెతికే టెస్ ఉపగ్రహం తీసిన, వాస్ప్-18 నక్షత్రపు కాంతి వక్రంలో (వెలుగు కాలంతో ఎలా మారిందో చూపే గీతలో) గుంట లోతు కొలవమన్నాను. గ్రహం నక్షత్రానికి అడ్డం వచ్చినప్పుడు తగ్గే వెలుగే ఈ గుంట. 0.95 శాతం దరిదాపుల్లో రావాలి. చాలామందికి బాగా తక్కువ వచ్చింది. పైగా గుంటకు రెండు వైపులా చిన్న గట్లు లేచాయి. లోతు నుంచి గ్రహం సైజు తెచ్చే వర్గమూలం తప్పిందేమోనని లెక్క మళ్లీ మళ్లీ చేశారు. లెక్క తప్పలేదు. గుంట అంతకుముందే పూడిపోయింది. పూడ్చింది మనం వాడే లైట్‌కర్వ్ అనే పైథాన్ ప్యాకేజీలోని ‘ఫ్లాటెన్’ (చదును చేసే) ఆదేశం.

నక్షత్రపు సొంత హెచ్చుతగ్గులను తీసేయడానికే ఈ చదును. ఒక్కో బిందువు దగ్గర అటు 50, ఇటు 50 బిందువులు కలుపుకుని మొత్తం 101 బిందువుల మీదుగా ఒక నున్నటి వక్రం గీస్తుంది, అసలు డేటాను దానితో భాగిస్తుంది. మీరేమీ చెప్పకపోతే ఈ విండో (ఒకసారికి కలుపుకునే బిందువుల వెడల్పు) 101 బిందువులే. మనం వాడిన టెస్ డేటాలో బిందువుకూ బిందువుకూ మధ్య 2 నిమిషాలు, అంటే విండో 3 గంటల 22 నిమిషాలు. వాస్ప్-18 చుట్టూ తిరిగే గ్రహం వాస్ప్-18బి తన నక్షత్రానికి అడ్డంగా సాగేది (దీన్నే ట్రాన్సిట్ అంటారు) సుమారు 2 గంటల 10 నిమిషాలు. విండోలో మూడింట రెండు వంతులు గుంటే ఉంటే ఆ నున్నటి వక్రం గుంటలోకే వంగుతుంది. గుంటను గుంటతోనే భాగిస్తే మిగిలేది చదునే. వక్రం అంత చురుగ్గా మలుపు తిరగలేదు కాబట్టి అంచుల్లో గట్లు లేస్తాయి. గట్లు కనిపించాయంటే విండో చిన్నదని అర్థం.

101 అనేది కాలం కాదు, బిందువుల లెక్క. ఇది మరిచిపోతే ప్రతిసారీ దెబ్బే. అదే 101, 20 సెకన్ల డేటాలో 34 నిమిషాలు, 200 సెకన్ల డేటాలో 5 గంటల 37 నిమిషాలు, 30 నిమిషాల పాత డేటాలో 50 గంటల పైనే. ఒకరి కోడ్‌లోని అంకెను మరో డేటాకు అతికించకండి. ముందు గంటల్లో అనుకుని, తర్వాత బిందువుల్లోకి మార్చండి. విండో కనీసం ట్రాన్సిట్‌కు మూడు రెట్లు ఉండాలి. నేను ఐదారు రెట్లు పెడతాను. వాస్ప్-18కి 401 సరిపోతుంది. బేసి సంఖ్యే ఇవ్వాలి, మధ్య బిందువు ఉండాలి కదా.

ఇంకా మంచి దారి: ట్రాన్సిట్ బిందువులకు ముసుగు వేసి, అంటే నున్నటి వక్రం గీసేటప్పుడు వాటిని లెక్కలోకి రానీయకుండా, చదును చేయడం. ఆవర్తన కాలం (గ్రహం ఒక చుట్టు తిరిగే సమయం, 0.9415 రోజు), ట్రాన్సిట్ మధ్య సమయం, దాని నిడివి ఇస్తే ‘క్రియేట్ ట్రాన్సిట్ మాస్క్’ ముసుగు తయారు చేస్తుంది. నిడివి కాస్త ఎక్కువే ఇవ్వండి.

మిగతావాటికి దూరంగా పడిన విడి బిందువులు తీసేసే ఆదేశమూ ఇలాంటిదే: రెండు వైపులా కోస్తే గుంట అడుగు కూడా పోతుంది. పైవైపు మాత్రమే కోయండి.

ఇప్పుడు లోతు. మడిచిన వక్రంలో (ఆవర్తన కాలం ప్రకారం అన్ని చుట్లనూ ఒకదానిమీద ఒకటి పేర్చిన వక్రంలో) గుంట నడిమి మూడో వంతు బిందువుల మధ్యగతం తీసుకోండి. కనిష్ఠం వద్దు, అది సడిని (డేటాలోని యాదృచ్ఛిక హెచ్చుతగ్గులను) కొలుస్తుంది. 0.0095కి వర్గమూలం 0.0975, గ్రహ వ్యాసార్ధం నక్షత్ర వ్యాసార్ధంలో అంత వంతు. నక్షత్ర వ్యాసార్ధం సూర్యుడికి 1.25 రెట్లనుకుంటే, సూర్యుడు భూమికి 109 రెట్లు కాబట్టి గ్రహం భూమికి 13.3 రెట్లు, గురుడికి సుమారు 1.2 రెట్లు. 2023లో జేమ్స్ వెబ్ టెలిస్కోపు నీటి ఆవిరిని గుర్తించింది ఈ గ్రహం మీదే.

పక్క నక్షత్రాల వెలుగు మాటేమిటంటే, టెస్ ఒక్కో పిక్సెల్ 21 ఆర్క్ సెకన్లు కాబట్టి కలుస్తుంది. కానీ టెస్ ఫైల్లో దిద్దిన వెలుగు ఉండే పీడీసీశాప్ కాలమ్‌లో ఆ దిద్దుబాటు చేసే ఇస్తారు, మళ్లీ చేయకండి. ముడి శాప్ కాలమ్ వాడితే మాత్రం మీరే చేయాలి.

అభ్యాసం: వాస్ప్-18ని 51, 101, 201, 401, 801 విండోలతో ముసుగు లేకుండా చదును చేసి, విండోకు ఎదురుగా లోతు గీయండి. గీత ఎక్కడ నిలకడపడుతుందో చూడండి. ఆ తర్వాత సెక్టార్ 1లోని (టెస్ మొదట చూసిన ఆకాశపు భాగంలోని) పై మెన్సే నక్షత్రం. 2018 సెప్టెంబరులో ప్రకటించిన, టెస్ కనుగొన్న తొలి గ్రహం దాని చుట్టూనే ఉంది. ఆవర్తనం 6.27 రోజులు, ట్రాన్సిట్ దాదాపు 3 గంటలు, లోతు 0.03 శాతమే. ఆ సెక్టార్ చివర్లో ఉపగ్రహం గురి కుదురుగా లేని రోజులు కొన్ని ఉన్నాయి. సడి ఉన్నట్టుండి పెరిగిన చోటును ముందే కోసేయండి. నక్షత్ర వ్యాసార్ధం సూర్యుడికి 1.1 రెట్లు. జవాబు భూమికి రెండు రెట్ల దగ్గర రాకపోతే ముందు చూడాల్సింది విండోనే.