కార్బన్ స్టీల్ కత్తి పార్సిల్ చేసేటప్పుడు

చేత్తో చేసిన కార్బన్ స్టీల్ కత్తిని తోలు ఒరలో దూర్చి పంపకండి. తోలు చెమ్మ పీల్చుకుంటుంది. వానాకాలంలో నాలుగు రోజులు దారిలో ఉంటే తుప్పు చుక్కలు లేచినా ఆశ్చర్యం లేదు. అలుగుకు పల్చగా మినరల్ ఆయిల్ రాసి, మైనం కాగితం చుట్టి, మొనకు బెండు బిరడా ముక్క గుచ్చండి. ఒర విడిగా పెట్టండి. పెట్టె ఊపితే లోపల చప్పుడు రాకూడదు.

నన్నడిగితే ఖరీదైన గిఫ్ట్ బాక్స్ కన్నా చిన్న చీటీ ముఖ్యం: "మామిడికాయ, నిమ్మకాయ కోస్తే నీలంగా, బూడిదగా మరకలు పడతాయి. అది తుప్పు కాదు. ఎర్రగా కనిపిస్తేనే తుప్పు. వాడగానే కడిగి, పొడిగా తుడవండి." ఈ చీటీ పెట్టకముందు ఒకాయన రాత్రి పదింటికి ఫోన్ చేసి, "నాసిరకం స్టీల్ అంటగట్టావు" అని ఒకటే గొడవ!