ఆగిన బండికి సెల్ఫ్ కొట్టకండి

పోయిన వారం నేను ఇన్సూరెన్సు సర్వేకి వెళ్ళిన బండికి రెండేళ్ళు కూడా నిండలేదు. డీజిల్ కాంపాక్ట్ ఎస్‌యూవీ. సీట్లకి కంపెనీ ప్లాస్టిక్ కవర్లు ఇంకా అలాగే ఉన్నాయి. రైల్వే అండర్ బ్రిడ్జి కింద నీళ్ళలో ఆగిపోయిందట. "బంపర్ పైదాకా కూడా లేవండీ నీళ్ళు. ఎదురుగా బస్సొచ్చింది, అల కొట్టింది, అంతే," అన్నాడు ఓనరు. ఆగాక ఏం చేశారని అడిగాను. అందరూ చేసేదే చేశాడు. సెల్ఫ్ కొట్టాడు. పట్టుకోలేదు. చుట్టూ చేరిన కుర్రాళ్ళు "ఇంకొక్కసారి కొట్టండన్నా, పట్టుకుంటది" అన్నారు. ఆరోసారో ఏడోసారో నిజంగానే పట్టుకుంది. అందరూ చప్పట్లు కొట్టారు. బండి గట్టెక్కి అర కిలోమీటరు పోయాక ఠప్‌మని చప్పుడు. నేను వెళ్ళేసరికి ఇంజన్ బ్లాక్ పక్కన బొటనవేలు దూరేంత కన్నం ఉంది, కింద రోడ్డు మీద నల్లగా ఆయిల్.

ఎస్టిమేటు మూడు లక్షలు దాటింది. ఇన్సూరెన్సు ఉంది. కానీ ఆ ఇంజన్‌కి రూపాయి రాలేదు. ఎందుకో తర్వాత చెప్తాను.

టైర్లు చూసుకోండి, వైపర్లు మార్చుకోండి, నెమ్మదిగా నడపండి. ఇవన్నీ మీకు తెలుసు, నేను చెప్పను. వానాకాలంలో నేను చూసిన పాడైన ఇంజన్లలో ఎక్కువ వాటిని చంపింది వాన కాదు, ఓనరు బొటనవేలు. నీళ్ళలో ఆగిన బండికి సెల్ఫ్ కొట్టకండి. ఈ ఒక్క మాట గుర్తుంటే మిగతాది చదవకపోయినా పర్లేదు.

లోపల జరిగేది ఇది. ఇంజన్ గాలి పీల్చే గొట్టం మూతి చాలా కాంపాక్ట్ ఎస్‌యూవీల్లో గ్రిల్ వెనక, హెడ్‌లైట్ పక్కనే ఉంటుంది. బానెట్ ఎత్తి మీ బండిలో ఎక్కడుందో ఇవాళే చూసుకోండి. అక్కణ్నించి నీళ్ళు ఎయిర్ ఫిల్టర్ దాటి సిలిండర్లోకి పోతాయి. గాలిని నొక్కితే కుంచించుకుంటుంది, నీళ్ళు కుంచించుకోవు. 1,500 సీసీ నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్‌లో ఒక్కో సిలిండరు 375 సీసీ. కంప్రెషన్ 16కి 1 అనుకుంటే పిస్టన్ పైకొచ్చాక మిగిలే చోటు 25 సీసీ. అంటే ఐదు టీస్పూన్లు. అంతకంటే ఎక్కువ నీళ్ళుంటే పిస్టన్ పైకి రాలేదు. రాలేకపోయినా మీరు సెల్ఫ్‌తో నెడితే పిస్టన్‌ని కింద క్రాంక్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. పెట్రోలు బండిలో ఇంకొంచెం చోటు ఉంటుంది, అంతే తేడా. వంగిన రాడ్‌తో కూడా ఇంజన్ స్టార్ట్ అవ్వచ్చు. అసలు మోసం అక్కడే ఉంది. స్టార్ట్ అయింది కదా అని బయల్దేరతారు, కాసేపటికి అది విరిగి బ్లాక్‌ని చీల్చుకుని బయటికొస్తుంది.

వేగంగా దూసుకెళ్ళి ఒకేసారి నీళ్ళు మింగిన ఇంజన్ ఆగేలోపే పాడైపోవచ్చు, కాదనను. కానీ నెమ్మదిగా పోతూ, దగ్గి దగ్గి ఆగిపోయిన ఇంజన్ చాలాసార్లు బాగానే ఉంటుంది. పెట్రోలుకి స్పార్క్ ప్లగ్గులు, డీజిల్‌కి ఇంజెక్టర్లో గ్లో ప్లగ్గులో విప్పి, నీళ్ళు బయటికి తోసి, ఆయిల్, ఫిల్టర్లు మార్చితే మళ్ళీ నడుస్తుంది. వేలల్లో పోయేదాన్ని లక్షల్లోకి తీసుకెళ్ళేది ఆ సెల్ఫే.

2024 సెప్టెంబర్ 1న బుడమేరు విజయవాడని ముంచింది. ఆ తర్వాత సింగ్ నగర్‌లో ఒకే వీధిలో రెండు బళ్ళు చూశాను. ఒకే మోడలు, రెండింటికీ డోర్ల మీద ఒకే ఎత్తున బురద గీత. ఒకాయన నీళ్ళు తగ్గగానే బ్యాటరీ నెగెటివ్ తీగ ఊడదీసి, టోయింగ్ బండి కోసం తొమ్మిది రోజులు ఎదురుచూశాడు. సీట్లు, వైరింగ్ పోయాయి గానీ ఇంజన్ బతికింది. రెండో ఆయన "మూడు రోజులు ఎండ కాసింది, ఆరిపోయుంటుంది" అని స్టార్ట్ చేశాడు. సిలిండర్లో చేరిన నీళ్ళు బట్టల్లా ఎండకి ఆరవు. మర్నాడు పొద్దున కొట్టినా సెల్ఫ్ సెల్ఫే.

ఇన్సూరెన్సు సంగతి

మామూలు కాంప్రెహెన్సివ్ పాలసీ వరదని కవర్ చేస్తుంది, నిజమే. కానీ వరద చేసిన నష్టం వేరు, వరద తర్వాత మీరు చేసిన పనివల్ల వచ్చిన నష్టం వేరు. రెండోదాన్ని పాలసీలో కాన్సిక్వెన్షియల్ లాస్ అంటారు, దానికి డబ్బు రాదు. రాడ్ వంగిందంటే లోపల నీళ్ళుండగా ఇంజన్ తిరిగిందని నా రిపోర్టులో రాయక తప్పదు. "నేను సెల్ఫ్ కొట్టలేదండీ" అని మీరు ఎంత చెప్పినా ఆ వంపు ఊరుకోదు. ఇలాంటి ఇంజన్ నష్టానికి ఇంజన్ ప్రొటెక్ట్ అనే యాడ్ ఆన్ విడిగా ఉంటుంది. జీరో డెప్ ఉంది కదా అంటారు చాలామంది. అది విడిభాగాల తరుగు సంగతి, ఇది ఇంజన్ సంగతి, దానికీ దీనికీ పొత్తు లేదు. రెన్యువల్ జూన్‌కి ముందే వస్తే ఈ యాడ్ ఆన్ తీసుకోండి. తీసుకున్నా కూడా సెల్ఫ్ కొట్టకండి. షరతులు దానికీ ఉంటాయి.

బండి నీళ్ళ మధ్యలో ఆగకుండా

ఇక్కడ రికాల్ గురించి చెప్పాలి. అంటే లోపం బయటపడ్డ బళ్ళని కంపెనీయే వెనక్కి పిలిచి బాగుచెయ్యడం. రికాల్ అనగానే మనవాళ్ళు దాన్ని కంపెనీ పరువు గొడవగా చూస్తారు, లేదంటే "ఎలాగూ సర్వీసుకి వెళ్తాంగా, అప్పుడు చూద్దాం" అంటారు. కొన్ని రికాల్స్ సరిగ్గా బండి నడిరోడ్డు మీద ఆగిపోయే జబ్బుకి సంబంధించినవి.

2024 అక్టోబరులో హోండా 90,468 బళ్ళని వెనక్కి పిలిచింది, వాటిలో డబ్ల్యూఆర్-వీ కూడా ఉంది. ఫ్యూయల్ పంపులో ఇంపెల్లర్, అంటే ఇంధనాన్ని తోసే చిన్న చక్రం, లోపం. దానివల్ల ఇంజన్ ఆగిపోవచ్చు, స్టార్ట్ కాకపోవచ్చు. అదే ఏడాది మొదట్లో కియా 4,358 సెల్టోస్ పెట్రోలు ఆటోమేటిక్ బళ్ళని, హ్యుందాయ్ 7,698 క్రెటా, వెర్నా బళ్ళని పిలిచాయి. రెండింట్లోనూ సీవీటీ అనే రకం ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లోని ఎలక్ట్రానిక్ ఆయిల్ పంపు కంట్రోలరే కారణం. 2025 నవంబరులో మారుతి 39,506 గ్రాండ్ విటారాలని పిలిచింది. ఫ్యూయల్ ముల్లు, వార్నింగ్ లైటు సరిగ్గా చూపించకపోవచ్చని. ముల్లు అబద్ధం చెప్తే పెట్రోలు ఎక్కడ అయిపోతుందో ఎవరికి తెలుసు? అండర్ బ్రిడ్జి కింద అయిపోదని గ్యారంటీ ఏముంది? ఆగడానికి కారణం పంపే కావచ్చు. కానీ అక్కడ నీళ్ళలో కూర్చున్న మనిషి చెయ్యి వెళ్ళేది మాత్రం స్టార్ట్ బటన్ మీదికే.

ఎయిర్ బ్యాగ్ రికాల్‌నైతే ఒక్కరోజు కూడా వాయిదా వెయ్యొద్దు. 2023 జనవరిలో మారుతి బ్రెజా, గ్రాండ్ విటారాలతో సహా 17,362 బళ్ళని ఎయిర్ బ్యాగ్ కంట్రోలర్ కోసం పిలిచినప్పుడు, అది మార్చేదాకా బండే నడపొద్దని చెప్పింది. పాత బళ్ళలో ఎయిర్ బ్యాగ్‌ని ఉబ్బించే, తకాటా కంపెనీ చేసిన ఇన్‌ఫ్లేటర్లది ఇంకో కథ. అందులోని అమ్మోనియం నైట్రేట్ ఏళ్ళ తరబడి వేడికీ తేమకీ చెడి, పేలినప్పుడు లోహపు ముక్కలు విసురుతుంది. వేడీ తేమా రెండూ దండిగా ఉన్న కోస్తాలో పాత విదేశీ బ్రాండు ఎస్‌యూవీ సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్ళు ముందు ఇది చూసుకోవాలి.

చూడటం రెండు నిమిషాల పని. ఆర్‌సీలో చాసిస్ నంబరు 17 అక్షరాలు, అంకెలు ఉంటుంది. కంపెనీ వెబ్‌సైట్‌లో రికాల్ పేజీలో కొట్టండి. లేదా సర్వీసు సెంటరుకి ఫోన్ చేసి "ఈ బండి మీద ఓపెన్ క్యాంపెయిన్ ఏమైనా ఉందా" అని అడగండి. ఇంకా చెయ్యని రికాల్‌ని వాళ్ళు అలా అంటారు. పని ఉచితం. సెకండ్ హ్యాండ్ బండైతే కచ్చితంగా అడగాలి, ఎందుకంటే కంపెనీ మెసేజ్ మొదటి ఓనరు ఫోన్‌కి వెళ్తుంది. ఆయన దాన్ని లోను ఆఫర్ అనుకుని తీసేసి ఉంటాడు.

రికాల్స్ కాకుండా మామూలు జబ్బులు కొన్ని. బీఎస్6 (కొత్త పొగ నిబంధనల) డీజిల్ బండిని ఊళ్ళోనే రోజూ మూడు కిలోమీటర్లు తిప్పితే డీపీఎఫ్, అంటే పొగలో మసిని పట్టే ఫిల్టరు, మసితో నిండి పవర్ పడిపోతుంది. వానలకి ముందు ఒకసారి హైవే మీద అరగంట ఆగకుండా నడపండి. డ్రై క్లచ్ డీసీటీ (రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్) ఉన్నవాళ్ళు జామ్‌లో ఇంచి ఇంచి పాకిస్తే క్లచ్ వేడెక్కి వార్నింగ్ వస్తుంది. ముందు బండికి సందు ఇచ్చి, ఒకేసారి కదలండి. సన్‌రూఫ్ మూలల్లో నీళ్ళు పోయే సన్న గొట్టాలుంటాయి. దుమ్ముతో మూసుకుంటే నీళ్ళు పిల్లర్ల వెంట దిగి కార్పెట్ కిందికి చేరతాయి. వైపర్ల కింద జాలీలో చేరిన వేపాకులూ అంతే. కార్పెట్ కింద తడి అంటే వైరింగ్ మీద తడి.

నీళ్ళ దగ్గర

గ్రౌండ్ క్లియరెన్స్ 200 మి.మీ. ఉంది కదా, దాటేస్తుందిలే అనుకోవడం మన ఎస్‌యూవీ ఓనర్ల రెండో జబ్బు. గ్రౌండ్ క్లియరెన్స్ గుంతల కోసం. నీళ్ళలో ఎంత లోతు వెళ్ళచ్చనేది వేరే లెక్క, దాన్ని వాటర్ వేడింగ్ డెప్త్ అంటారు. మహీంద్రా థార్‌కి కంపెనీ చెప్పేది 650 మి.మీ. మీ బండి థార్ కాదు. ఎత్తుగా కనబడేది బానెట్, ఇంజన్ మాత్రం హ్యాచ్‌బ్యాక్‌దే. పైగా ఆ లెక్క కదలని నీటికి. ఎదురుగా ఆర్టీసీ బస్సొస్తే బంపర్ దగ్గరున్న నీళ్ళు హెడ్‌లైట్ దాకా లేస్తాయి.

పారే నీళ్ళకి అసలు లెక్కే లేదు. అడుగు లోతు పారే నీరు చిన్న కారుని కదిలిస్తుంది, రెండడుగులైతే ఎస్‌యూవీని కూడా ఎత్తుకుపోతుంది. బుడమేరు పొంగిన రోజే మరిపెడ దగ్గర ఆకేరు వాగులో కారు కొట్టుకుపోయి ఇద్దరు చనిపోయారు. చప్టా మీద నీళ్ళు పారుతుంటే వెనక్కి తిప్పండి. ముందు బండి వెళ్ళింది కదా అనకండి.

ఇక వరసగా చెప్తాను.

నిలిచిన నీళ్ళలోకి దిగే ముందు ఐడిల్ స్టార్ట్ స్టాప్ ఆఫ్ చెయ్యండి. బటన్ మీద ఏ అని, చుట్టూ బాణం ఉంటుంది. ఇది చాలామందికి తెలీదు. జామ్‌లో బండి ఆగగానే నీళ్ళలో ఇంజన్ దానంతటదే ఆగుతుంది, మళ్ళీ కదలబోగానే దానంతటదే సెల్ఫ్ కొట్టుకుంటుంది. మీరు కొట్టకపోయినా బండే కొడుతుంది.

ఏసీ ఆపండి. రేడియేటర్ ఫ్యాను నీళ్ళని ఎగజిమ్ముతుంది.

అద్దాలు సగం దించండి. తర్వాత కరెంటు పోతే దిగవు.

మొదటి గేరు, ఒకే వేగం. మధ్యలో గేరు మార్చొద్దు. ముందు బండి బయటపడేదాకా మీరు దిగొద్దు.

ఆగిందా? ఇగ్నిషన్ ఆఫ్. కీ జేబులో. సెల్ఫ్ కొట్టకండి.

పుష్ బటన్ బండైతే అలవాటుగా వేలు వెళ్తుంది. పక్క సీట్లో ఉన్నవాళ్ళకి ముందే చెప్పి పెట్టండి, చెయ్యి పట్టుకోమని.

నెట్టించండి, న్యూట్రల్‌లో. గేరులో పెట్టి నెట్టి స్టార్ట్ చెయ్యడం కూడా సెల్ఫ్ కొట్టడమే. గేరులో ఉంచి తాడుతో లాగించడం కూడా సెల్ఫ్ కొట్టడమే.

ఆటోమేటిక్ అయితే తాడు కట్టనివ్వకండి. ఫ్లాట్ బెడ్ పిలవండి.

"ఒక్కసారి కొట్టి చూడండన్నా" అనేవాడికి దండం పెట్టండి. బిల్లు వాడు కట్టడు.

నీళ్ళు పెరుగుతుంటే బండి వదిలెయ్యండి. బెల్టు తీసి, పిల్లల్ని ముందు, కిటికీలోంచి. పగలగొట్టాల్సొస్తే పక్క అద్దం మూల కొట్టండి. ముందు అద్దం రెండు పొరలది, పగిలినా ఊడదు.

10 నంబరు స్పానరు డాష్‌బోర్డులో ఉంచండి. గట్టెక్కాక బ్యాటరీ నెగెటివ్ తియ్యడానికి. డిక్కీలో కాదు, డిక్కీ కరెంటు లేకపోతే తెరుచుకోదు.

బండి ఎక్కడ, ఏ లోతులో ఆగిందో ఫోటో తియ్యండి. ఇన్సూరెన్సు కంపెనీకి అప్పుడే ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి.

ఇంజన్ ఆయిల్ చూసే పుల్ల, డిప్‌స్టిక్, తీసి చూడండి. ఆయిల్ పాలు కలిసిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్ళు వెళ్ళినట్టే. మామూలు రంగులోనే ఉన్నా సెల్ఫ్ కొట్టొద్దు, సిలిండర్లో నీళ్ళు డిప్‌స్టిక్‌కి కనపడవు.

ఎలక్ట్రిక్ బండికి చెప్పే నీళ్ళు తట్టుకునే రేటింగు ఐపీ67 అంటే మీటరు లోతులో అరగంట. రెండు రోజులు మునిగి ఉండటానికి కాదు. మునిగిన ఈవీకి ఛార్జర్ పెట్టొద్దు. ఇంటి గోడ పక్కన నిలపొద్దు.

షెడ్డుకి చేరాక మెకానిక్ "ముందు స్టార్ట్ చేసి చూద్దాం సార్" అంటే కీ ఇవ్వకండి. ప్లగ్గులు విప్పాకే.

వానాకాలం అయ్యాక చవగ్గా దొరికే సెకండ్ హ్యాండ్ బండి చూస్తుంటే సీటు బెల్టు చివరిదాకా లాగండి. కడిగినవాళ్ళు పైన కడుగుతారు, చుట్ట లోపలి గజం మీద బురద గీత అలాగే ఉంటుంది.