ఇంగ్లీషులో రెండు కర్మల క్రియలు: ‘టు’ ఎక్కడ ఉండాలి, ఎక్కడ ఉండకూడదు

ఇవ్వడం, చూపించడం, పంపడం, కొనిపెట్టడం వంటి పనుల్లో చేసేవారు, అందుకొనేవారు, అందే వస్తువు అని మూడు అంశాలు ఉంటాయి. వీటిలో చివరి రెండూ ఇంగ్లీషులో క్రియకు కర్మలే. తెలుగులో అందుకొనేవారి పేరుకు ‘కి’ లేదా ‘కు’ చేరుతుంది కనుక ‘రవికి పుస్తకం ఇచ్చాను’ అన్నా, ‘పుస్తకం రవికి ఇచ్చాను’ అన్నా ఎవరికి ఏమి అందిందో స్పష్టంగానే ఉంటుంది. ప్రాచీన ఇంగ్లీషులోనూ నామవాచకాలకు ఇటువంటి విభక్తి ప్రత్యయాలు ఉండేవి. కాలక్రమంలో అవి రాలిపోవడంతో ఆ బాధ్యతలో చాలా భాగం పదక్రమం మీద పడింది. ఈ క్రియల దగ్గర మనం చేసే పొరపాట్లలో ఎక్కువ వాటికి మూలం ఈ తేడాలోనే ఉంది. అందువల్ల కింద ముందు తప్పు వాక్యాన్ని, తరువాత దాని కారణాన్ని, ఆపైన దిద్దుబాటును చూపుతున్నాను.

‘ఐ గేవ్ టు రవి ఎ బుక్’

తెలుగులోని ‘రవికి’ అన్న మాటను ‘టు రవి’గా మార్చి, వరుసను మాత్రం తెలుగులో ఉన్నట్టే ఉంచడం వల్ల ఈ వాక్యం పుడుతుంది. ఇంగ్లీషులో ఈ క్రియకు రెండు నిర్మాణాలున్నాయి. వ్యక్తి ముందు వస్తే ‘టు’ ఉండదు: ‘ఐ గేవ్ రవి ఎ బుక్’. వస్తువు ముందు వస్తే ‘టు’ తప్పదు: ‘ఐ గేవ్ ఎ బుక్ టు రవి’. మొదటి దానిలో క్రియ పక్కనున్న స్థానమే ‘కి’ చేసే పనిని చేస్తుంది కాబట్టి అక్కడ ‘టు’ చేర్చడం ఒకే మాటకు రెండుసార్లు విభక్తి తగిలించడంతో సమానం. వస్తువు వర్ణన చాలా పొడవుగా ఉన్నప్పుడు మంచి రచయితలు కూడా ‘టు రవి’ని ముందుకు తెస్తారు కానీ, ‘ఎ బుక్’ వంటి చిన్న పదానికి ఆ వెసులుబాటు లేదు.

రెండింటిలో దేనిని ఎంచుకోవాలన్నది కర్మల పొడవును బట్టి చాలావరకు తేలుతుంది. చిన్నది ముందు, పెద్దది వెనుక ఉంటే వాక్యం సాఫీగా నడుస్తుంది. వస్తువును ‘ఇట్’ అనో ‘దెమ్’ అనో అంటే దానికే ముందు చోటు ఇవ్వాలి. ‘ఐ గేవ్ రవి ఇట్’ అనకుండా ‘ఐ గేవ్ ఇట్ టు రవి’ అనడం మేలు. అలాగే ‘నిన్న మా ఇంటికి వచ్చిన అబ్బాయికి’ అన్నంత పొడవైన వర్ణన ఉంటే దాన్ని చివరకు పంపి ‘ఐ గేవ్ ఎ బుక్ టు ద బాయ్ హూ కేమ్ టు అవర్ హౌస్ ఎస్టర్‌డే’ అని రాయాలి.

‘హి టోల్డ్ టు మి’, ‘హి సెడ్ మి’

తెలుగులో ‘చెప్పు’ అనే ఒకే క్రియ చేసే పనిని ఇంగ్లీషు ‘టెల్’, ‘సే’ అనే రెండింటికి పంచింది. ‘టెల్’ తరువాత వినేవారు నేరుగా వస్తారు: ‘హి టోల్డ్ మి ద ట్రూత్’. ‘సే’ తరువాత చెప్పిన మాట వస్తుంది. వినేవారిని ప్రస్తావించాలంటే ‘హి సెడ్ గుడ్‌బై టు మి’ అన్నట్టు ‘టు’ కావాలి. ‘ఆస్క్’, ‘కాస్ట్’ క్రియలకు ‘టు’ నిర్మాణమే లేదు. ‘హి ఆస్క్‌డ్ మి ఎ క్వశ్చన్’, ‘ఇట్ కాస్ట్ మి 500 రుపీస్’ అన్నవే సరైన రూపాలు.

‘ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ మి దిస్ లెసన్’

బాగా చదువుకున్నవారి రాతల్లో కూడా ఈ తప్పు నిలిచిపోతుంది, ఎందుకంటే దీని వెనుక ఒక తర్కం ఉంది. ‘టెల్ మి’, ‘షో మి’, ‘టీచ్ మి’ అన్నీ సరైనవైనప్పుడు దాదాపు అదే అర్థమున్న ‘ఎక్స్‌ప్లెయిన్ మి’ ఎందుకు కాకూడదన్న ప్రశ్న న్యాయమైనదే. అయితే ఇక్కడ నిర్ణయించేది అర్థం ఒక్కటే కాదు. గివ్, టెల్, షో, సెండ్, లెండ్ వంటి పొట్టి క్రియలు రెండు కర్మలను నేరుగా తీసుకుంటాయి. లాటిన్, ఫ్రెంచి మూలాల నుంచి వచ్చి, ఊనిక (పలికేటప్పుడు గొంతు వేసే ఒత్తు) మొదటి అక్షరం మీద కాక తరువాత పడే ఎక్స్‌ప్లెయిన్, డిస్క్రైబ్, సజెస్ట్, అనౌన్స్, ఇంట్రడ్యూస్ వంటివి సాధారణంగా ఒక్క కర్మనే నేరుగా తీసుకుని, వ్యక్తికి ‘టు’ను కోరుతాయి. బయటి నుంచి వచ్చినా ఊనిక మొదటే ఉన్న ‘ఆఫర్’, ‘ప్రామిస్’ మాత్రం పొట్టి క్రియల జట్టులో చేరాయి. ఇది గుర్తుపెట్టుకోవడానికి పనికొచ్చే ధోరణి మాత్రమే. మొదటి అక్షరం మీద ఊనిక ఉన్న ‘మెన్షన్’ రెండు కర్మలను ఒప్పుకోదు. రెండవ అక్షరం మీద ఊనిక ఉన్న ‘అసైన్’ ఒప్పుకుంటుంది.

దిద్దుబాటు ఇది: ‘ప్లీజ్ ఎక్స్‌ప్లెయిన్ దిస్ లెసన్ టు మి’. వివరించవలసినది ఒక ఉపవాక్యమైతే ‘ఎక్స్‌ప్లెయిన్ టు మి హౌ ద మెషిన్ వర్క్స్’ అని ‘టు మి’ని ముందుకు తేవచ్చు. ‘హి సజెస్టెడ్ మి ఎ గుడ్ కాలేజ్’ అన్నది ‘హి సజెస్టెడ్ ఎ గుడ్ కాలేజ్ టు మి’ కావాలి. ‘హి సజెస్టెడ్ మి టు జాయిన్’ అన్నది ‘హి సజెస్టెడ్ దట్ ఐ జాయిన్’ కావాలి.

ఆఫీసు ఉత్తరాల్లో కనిపించే ‘ఇన్‌ఫార్మ్ మి ద డేట్’ అన్న వాక్యంలో ‘టు’ కాక ‘ఆఫ్’ లోపించింది: ‘ఇన్‌ఫార్మ్ మి ఆఫ్ ద డేట్’ అనాలి. ‘ప్రొవైడ్’ క్రియకు ‘ప్రొవైడ్ అజ్ విత్ ద డీటెయిల్స్’ అని రాస్తే ఎక్కడా ఆక్షేపణ రాదు.

‘షి మేడ్ టీ టు మి’

‘నాకు ఇచ్చింది’, ‘నాకు టీ చేసింది’ అన్న రెండు చోట్లా తెలుగు ‘కు’నే వాడుతుంది, ఇంగ్లీషు మాత్రం మొదటి చోట ‘టు’ను, రెండవ చోట ‘ఫర్’ను వాడుతుంది. ఏది ఎక్కడో తేల్చే పరీక్ష తెలుగులోనే ఉంది. ‘కి’ని తీసి ‘కోసం’ పెట్టి చూడండి. ‘నాకోసం టీ చేసింది’, ‘రవికోసం చొక్కా కొన్నాను’ అన్నప్పుడు అర్థం చెదరదు, కనుక మేక్, బై, కుక్, ఫైండ్ వంటి క్రియలకు ‘ఫర్’ వస్తుంది. ‘రవికోసం పుస్తకం ఇచ్చాను’ అంటే మాత్రం పుస్తకం మరెవరి చేతికో వెళ్లినట్టు ధ్వనిస్తుంది, కనుక ‘గివ్’కు ‘టు’ వస్తుంది. బడిలో వల్లె వేసిన విభక్తుల పట్టికలో కూడా ‘కొరకు, కై’ చతుర్థిలోను, ‘కి, కు’ షష్ఠిలోను వేరువేరుగా ఉండడం ఇక్కడ అక్కరకొస్తుంది. వ్యక్తి ముందు వచ్చినప్పుడు ‘ఫర్’ కూడా తొలగిపోతుంది: ‘షి మేడ్ మి టీ’.

‘ఐ సెంట్ హైదరాబాద్ ఎ పార్సెల్’

క్రియ పక్కనున్న తొలి స్థానం అందుకోగలవారిది. ఊరు గమ్యమే తప్ప అందుకొనేది కాదు, కనుక ‘ఐ సెంట్ ఎ పార్సెల్ టు హైదరాబాద్’ అని మాత్రమే అనాలి. అక్కడి కార్యాలయంలోని మనుషులు ఉద్దేశమైతే ‘ఐ సెంట్ ద హైదరాబాద్ ఆఫీస్ ఎ పార్సెల్’ అనవచ్చు.

‘హి గేవ్ మి’

‘పుస్తకం ఏది?’ అని అడిగితే ‘నాకు ఇచ్చాడు’ అని తెలుగులో వస్తువును వదిలేయవచ్చు. ఇంగ్లీషులో అలా వదలకూడదు, ‘హి గేవ్ ఇట్ టు మి’ అనాలి.

‘టు మి ఎ ప్రైజ్ వాజ్ గివెన్’

‘నాకు బహుమతి ఇచ్చారు’ అన్నప్పుడు ఇచ్చినవారెవరో తెలుగులో చెప్పనక్కరలేదు. ఇంగ్లీషు ఆ అవసరాన్ని ‘ఐ వాజ్ గివెన్ ఎ ప్రైజ్’ అనే కర్మణి వాక్యంతో తీర్చుకుంటుంది. దీన్ని తెలుగులోకి మార్చుకుంటే ‘నేను ఇవ్వబడ్డాను’ అన్నట్టు తోచి చాలామంది వెనుకాడతారు, కానీ ఇంగ్లీషులో ఇది పూర్తిగా సహజమైన వాక్యం. అందుకున్న వ్యక్తి కర్త స్థానానికి వెళ్తాడు, బహుమతి క్రియ వెనుకనే ఉండిపోతుంది. ‘ఎ ప్రైజ్ వాజ్ గివెన్ టు మి’ కూడా సరైనదే. ‘ఫర్’ జట్టులోని క్రియలతో మాత్రం జాగ్రత్త అవసరం: ‘ఐ వాజ్ బాట్ ఎ షర్ట్’ చాలామంది చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది కాబట్టి ‘ఎ షర్ట్ వాజ్ బాట్ ఫర్ మి’ అని రాయడం మంచిది.