శిథిలాల మీద కుక్కకి దెబ్బ తగిలితే, వెట్ దగ్గరికి చేరేలోపు ఏం చెయ్యాలి

కూలిన చోట్ల మనుషుల్ని వాసనతో వెతికే గాలింపు కుక్కతో పెద్ద చిక్కు ఏంటంటే, ఎంత నొప్పి ఉన్నా అది పని ఆపదు. అరికాలి మెత్త చీలి రక్తం కారుతున్నా, ఒళ్లు కాగిపోతున్నా, వాసన తగిలిందంటే వెళ్తూనే ఉంటుంది, చివర్లో తన బంతి తనకి దొరుకుతుందని దానికి తెలుసు కదా. అందుకే ఆపాల్సింది దాన్ని పని చేయించే హ్యాండ్లరే. ఇది వెట్, అంటే పశువైద్యుడు, చేసే వైద్యం గురించి కాదు, వెట్ చేతికి అప్పగించేలోపు ఆ అరగంటో గంటో కుక్కని కాపాడుకోవడం గురించి.

ముందు ఒక పని ఇంట్లోనే చేసిపెట్టుకోండి. మీ కుక్క ప్రశాంతంగా ఉన్నప్పుడు ఎలా ఉంటుందో రాసుకోండి. టెంపరేచర్ మామూలుగా 100.5 నుంచి 102.5 ఫారెన్‌హీట్ ఉంటుంది, మన లెక్కన అది జ్వరమే, కుక్కకి కాదు. థర్మామీటర్ కొసకి కొంచెం వాజలీన్ రాసి మలద్వారంలో పెట్టి చూడాలి, ముక్కు తడిగా ఉందా చల్లగా ఉందా అని చూసి చెప్పే లెక్కలు నమ్మొద్దు. నాడి వెనక తొడ లోపలివైపు దొరుకుతుంది, పెద్ద కుక్కల్లో నిమిషానికి 60 నుంచి 100 మధ్య. ఇక చిగుళ్లు: పెదవి పైకెత్తి చిగురు మీద వేలితో నొక్కి వదలండి, తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకి రావాలి. ఆలస్యమైతే రక్తప్రసరణ బాగాలేదని అర్థం. కొన్ని కుక్కలకి చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, అలాంటప్పుడు కింది కనురెప్ప లాగి లోపలి రంగు చూడాలి. ఈ అలవాటు మామూలు రోజుల్లో చెయ్యకపోతే, అసలు రోజున టెన్షన్‌లో తెలుపేదో గులాబీ ఏదో కూడా తేల్చుకోలేం.

ఆ కాగితం మీదే వెట్ చేత కుక్క బరువుకి తగ్గట్టు మందుల మోతాదులు ముందే రాయించి లామినేషన్ చేయించండి. మన ఫస్ట్ ఎయిడ్ డబ్బాలో ఉండే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ మాత్రం కుక్క నోట్లోకి వెళ్లకూడదు, నొప్పి తగ్గడం సంగతి అటుంచి లివరో కిడ్నీలో పోతాయి.

ఇప్పుడు ఎండ సంగతి. మన దగ్గర మార్చి నుంచి జూన్ దాకా అన్నిటికంటే ఎక్కువ భయపడాల్సింది దీనికే. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, రొప్పుతూనే వేడి వదులుకోవాలి, కోస్తాలో ఉక్కపోత రోజుల్లో ఆ రొప్పడం కూడా సరిగ్గా పనిచెయ్యదు. నాలుక చివర గరిటెలా వెడల్పై బయటికి వేలాడటం, నీడ వెతుక్కోవడం, మాట వినడంలో ఆలస్యం, ఇవి మొదటి గుర్తులు. ఇక్కడే ఆపెయ్యాలి. గట్టిగా పని చేసిన ఆరోగ్యమైన కుక్కకి కూడా 105, 106 దాకా వెళ్లి మళ్లీ దిగొచ్చు, కాబట్టి అంకె ఒక్కటే చూస్తే సరిపోదు. తూలుతోందా, పిలిస్తే పలకట్లేదా, వాంతి చేసుకుందా, విరేచనంలో రక్తం ఉందా, వీటిలో ఏది కనిపించినా అది వడదెబ్బ అనుకునే కదలాలి.

వరస ముఖ్యం: ముందు చల్లబరచాలి, తర్వాతే బండి ఎక్కించాలి. చాలామంది కంగారులో కుక్కని జీపులో పడేసి ఆస్పత్రికి బయల్దేరతారు, ఆ ఇరవై నిమిషాల్లో జరగకూడనిది జరిగిపోతుంది. ట్యాంకరో బోరో బకెట్టో, ఏ నీళ్లు దొరికితే ఆ నీళ్లు పొట్ట మీద, తొడల మధ్య, ముందుకాళ్ల సందుల్లో, మెడ మీద బొచ్చు దాటి చర్మం తడిసేలా పొయ్యండి, పోస్తూ అట్టముక్కతో అయినా విసరండి. ఐస్ నీళ్లు పోస్తే షాక్ తగులుతుందని ఎవరో ఒకరు పక్కన నిలబడి అడ్డుపడతారు, వినకండి. అలాగని తడి టవల్ కప్పి వదిలెయ్యొద్దు, కాసేపటికి అదే వేడెక్కి దుప్పటి అయిపోతుంది. రెండు మూడు నిమిషాలకోసారి టెంపరేచర్ చూస్తూ 103.5కి దిగగానే నీళ్లు ఆపండి, ఎందుకంటే ఆ తర్వాత కూడా దిగుతూనే ఉంటుంది, మరీ కిందికి పోతే అదో సమస్య. కుక్క లేచి తోక ఊపినా సరే వెట్‌కి చూపించాల్సిందే, కిడ్నీలు, రక్తం గడ్డకట్టే తీరు దెబ్బతిన్న సంగతి కొన్ని గంటల తర్వాత గానీ బయటపడదు.

స్పృహలో ఉండి, కేవలం వేడెక్కిన కుక్కకైతే ఇంకో మంచి ఉపాయం ఉంది. పెన్సిల్వేనియా యూనివర్సిటీ వర్కింగ్ డాగ్ సెంటర్ వాళ్లు వ్యాయామం చేసిన కుక్కల మీద నాలుగు పద్ధతులు పోల్చి చూస్తే, కుక్క తనంతట తాను బకెట్ నీళ్లలో తల ముంచడమే అన్నిటికంటే త్వరగా వేడి దించింది. దీనికి ముందే అలవాటు చెయ్యాలి, బకెట్ అడుగున బంతి వేసి తీసుకోమంటే వారం పది రోజుల్లో ఆటగా నేర్చుకుంటాయి. మత్తుగా ఉన్న కుక్క తలని మాత్రం నీళ్లలోకి నొక్కారో, ఊపిరితిత్తుల్లోకి నీళ్లు పోతాయి.

కాళ్ల గాయాలకి వద్దాం, రోజూ జరిగేది ఇదే. శిథిలాల మీద పనిచేసే కుక్కలకి చాలావరకు బూట్లు వెయ్యరు, పట్టు దొరకదు, అడుగు కింద ఏది కదులుతోందో తెలియదు. మెడపట్టీ, ఒంటికి తొడిగే హార్నెస్ కూడా చువ్వలకి చిక్కుకుంటాయని తీసేస్తారు. కాబట్టి గాజుపెంకులకీ రేకులకీ మెత్తలు తెగడం ఖాయం. కట్టు కట్టే ముందు మూతి కట్టండి, ఎంత ముద్దుగా పెంచినదైనా నొప్పిలో కరుస్తుంది. గుడ్డపట్టీని ముక్కు మీదుగా ఒక చుట్టు తిప్పి, గడ్డం కింద ముడి వేసి, చెవుల వెనక లాగి కడితే చాలు. రొప్పుతున్నా, వాంతి వచ్చేలా ఉన్నా, ఊపిరి కష్టంగా ఉన్నా మూతి కట్టొద్దు, అప్పుడు ఇంకొకరు తల పట్టుకోవాలి.

సెలైన్‌తోనో తాగే నీళ్లతోనో బాగా కడిగి, లోపల పెంకు ఉందేమో వేళ్ల మధ్య విప్పి చూసి, శుభ్రమైన గాజ్ గుడ్డ పెట్టి ఐదు నిమిషాలు గట్టిగా అదమండి. మధ్యమధ్యలో తీసి చూస్తే గడ్డకట్టింది ఊడి మళ్లీ మొదటికొస్తుంది. తర్వాత వేళ్ల సందుల్లో చిన్న చిన్న దూది ఉండలు పెట్టండి, లేకపోతే గోళ్లు పక్కవేలిని గుచ్చుతాయి. ఆ పైన దూది చుట్టి, కింది నుంచి పైకి కట్టు, దాని మీద అంటుకునే వెట్ ర్యాప్. వెట్ ర్యాప్‌ని రోల్ నుంచి ముందు వదులుగా విప్పుకుని అప్పుడు చుట్టాలి, లాగుతూ చుడితే అరగంటలో కాలు బిగుసుకుపోతుంది. మధ్యలో రెండు గోళ్లు బయటికి కనపడేలా వదలండి, ఆ రెండూ ఒకదానికొకటి దూరంగా జరిగాయంటే పాదం వాస్తోందని, కట్టు వదులు చెయ్యాలని. కట్టు తడవకుండా ఖాళీ సెలైన్ సంచి తొడగొచ్చు, కానీ లోపల చెమ్మ పట్టకుండా పొడి చోటికి చేరగానే తీసెయ్యాలి.

ఒంట్లో చువ్వ దిగితే పీకొద్దు, అది అక్కడుండే రక్తాన్ని ఆపుతూ ఉండొచ్చు. కదలకుండా చుట్టూ గుడ్డలు పేర్చి కట్టి తీసుకెళ్లండి. కాలి నుంచి రక్తం చిమ్ముతుంటే గాయంలోకి గాజ్ కుక్కి అదమడం మొదటి పని. టోర్నికే, అంటే కాలికి బిగించి రక్తం ఆపే పట్టీ, అదమడంతో ఆగని, ప్రాణం మీదికొచ్చే రక్తస్రావానికి చివరి ఆసరా, కుక్క కాలు కిందికి సన్నబడుతుంది కాబట్టి జారిపోతుంది కూడా.

కొండల్లో, అడవుల్లో గాలించేవాళ్లు తేనెటీగలని తేలిగ్గా తీసుకోవద్దు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ సరిహద్దులో కర్రెగుట్టల ఆపరేషన్‌లో సీఆర్‌పీఎఫ్ వాళ్ల రోలో అనే రెండేళ్ల బెల్జియన్ మాలినోయ్ సుమారు 200 తేనెటీగలు కుట్టడంతో చనిపోయింది. అది బాంబులు పసిగట్టే కుక్క, అయినా అదే కొండలు, అదే ప్రమాదం. ఈగలు లేచాయంటే మొదట అక్కడి నుంచి దూరంగా పరిగెత్తించాలి, ముళ్లు తియ్యడం తర్వాత. తీసేటప్పుడు కార్డుతో గీకినా గోటితో లాగినా ఒకటే, ఎంత త్వరగా తీశామన్నదే లెక్క, ముల్లు ఒంట్లో ఉన్నంతసేపూ విషం ఎక్కుతూనే ఉంటుంది. కుక్కల్లో ఎలర్జీ ముదిరితే దద్దుర్ల కంటే ముందు హఠాత్తుగా వాంతి, విరేచనం, చిగుళ్లు పాలిపోవడం, కుప్పకూలడం కనిపిస్తాయి. అక్కడ ఎలర్జీ మాత్ర మీద ఆధారపడొద్దు, అడ్రినలిన్ ఇంజెక్షన్ కావాలి, వెంటనే వెట్ దగ్గరికి పరుగే.

పాము కాటు చాలాసార్లు మూతి మీదో ముందుకాలి మీదో పడుతుంది, వాసన చూడబోయి తెచ్చుకున్నదే. మెడపట్టీ తీసెయ్యండి, వాపు వస్తుంది. కొయ్యడం, పీల్చడం, తాడు కట్టడం ఏదీ చెయ్యొద్దు, నడిపించకుండా మోసుకెళ్లండి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర, ఈ నాలుగింటికీ మనుషులకిచ్చే యాంటీవెనమే కుక్కలకీ ఇస్తారు. దారిలోనే ఫోన్ చేసి స్టాక్ ఉందో లేదో కనుక్కోండి.

జర్మన్ షెపర్డ్ లాంటి లోతైన ఛాతీ కుక్క పొట్ట ఉబ్బి, కక్కబోతూ ఏమీ రాక అవస్థ పడుతుంటే కడుపు మెలిపడిందేమో. దానికి ఫీల్డ్‌లో వైద్యం లేదు, ఆపరేషనే, నిమిషాల లెక్క. పనికి ముందూ వెనకా గంటా రెండు గంటలు కడుపునిండా పెట్టకుండా ఉండటం మంచిది.

గుండె ఆగితే పక్కకి పడుకోబెట్టి, ఛాతీ బాగా వెడల్పున్న చోట నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ మందంలో మూడో వంతు నుంచి సగం దాకా అణిగేలా నొక్కాలి. 30 సార్లకి రెండు ఊపిర్లు, నోరు గట్టిగా మూసి ముక్కులోంచి ఊదాలి.

పని అయ్యాక స్నానం విషయంలో బద్ధకించొద్దు. వరద నీళ్లు, బురద, సిమెంట్ దుమ్ము, డీజిల్, అన్నీ బొచ్చులో ఉంటాయి, కుక్క నాకి నాకి కడుపులోకి పంపించుకుంటుంది. ముందు కళ్లు సెలైన్‌తో, తర్వాత ముక్కు చుట్టూ, నోరు, ఆ తర్వాత గిన్నెలు తోమే లిక్విడ్‌తో ఒళ్లు. వరదల్లో పనిచేసే కుక్కకి లెప్టోస్పైరోసిస్ టీకా బాకీ ఉండకూడదు, ఆ రోగం మనకీ అంటుకుంటుంది, గ్లవుజులు వేసుకోండి.

చివరగా రవాణా. 2025 ఫిబ్రవరిలో నాగర్‌కర్నూల్ జిల్లా ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలిన చోటు దాదాపు 14 కిలోమీటర్ల లోపల, అక్కడికి కేరళ పోలీసుల జాగిలాలు కూడా వెళ్లాయి. అలాంటి చోట కుక్కకి ఏమైనా అయితే బయటికి ఎలా తేవాలో లోపలికి అడుగు పెట్టకముందే తేల్చుకోవాలి: ముప్పై కిలోల కుక్కని ఎవరు మోస్తారు, స్ట్రెచర్‌గా ఏ దుప్పటి వాడతారు, దగ్గర్లో రాత్రి కూడా తెరిచి ఉండే వెట్ ఎవరు. మొబైల్ వెటర్నరీ బండి కోసం 1962 ఫోన్ నంబర్ ఉంది, అది వచ్చేదాకా కూర్చోకుండా సొంత బండి సిద్ధంగా ఉంచండి. వెట్‌కి అప్పగించేటప్పుడు దెబ్బ తగిలిన టైమ్, చూసిన టెంపరేచర్లు, ఇచ్చిన మందు, చివరిసారి తిన్నది ఎప్పుడు, ఇవి నోటితో చెప్పకుండా కాగితం మీద రాసి మెడపట్టీకి టేప్ వేసి అంటించండి, మెడపట్టీ తీసేసి ఉంటే కట్టు మీదే అంటించండి.