సెర్చ్ ట్రాఫిక్ పాఠాలు, 3వ భాగం: ఆవకాయ అని వెతికేవాళ్ళు వేరు, ఆవకాయకి బూజు పట్టిందని వెతికేవాళ్ళు వేరు

పోయిన భాగంలో సెర్చ్ కన్సోల్‌లో (గూగుల్‌లో ఏం వెతికితే మీ సైట్ కనపడుతోందో చూపించే గూగుల్ వాళ్ళ ఉచిత టూల్) మీ సైట్ వెరిఫై చేసుకోమన్నా కదా, అంటే సైట్ మీదేనని రుజువు చేయడం, అది అయిపోయిందనుకునే మొదలుపెడుతున్నా. కాకపోతే ముందు అది చేసి రండి, ఇవాళ్టి పాఠం సగం దాని మీదే నడుస్తుంది.

లాంగ్ టెయిల్ అన్న మాట 2004లో క్రిస్ ఆండర్సన్ వైర్డ్ పత్రికలో రాశాక బాగా పాకింది. ఆయన చెప్పింది పాటలు, పుస్తకాల అమ్మకాల సంగతి. హిట్లు కొన్నే ఉంటాయి, కానీ ఎవరో ఒకరు కొనే చిన్నాచితకావన్నీ కలిపితే అదే పెద్ద మార్కెట్ అవుతుంది అని. గ్రాఫ్ గీస్తే ఎడమవైపు ఎత్తుగా తల, కుడివైపు పొడుగ్గా సాగిపోయే తోక. సెర్చ్‌లో కూడా అంతే. చాలామంది నాలుగైదు పదాలుంటే లాంగ్ టెయిల్ అనుకుంటారు, అది కరెక్ట్ కాదు, తక్కువమంది వెతికేదే లాంగ్ టెయిల్. మామూలుగా అలాంటివి పొడుగ్గా ఉంటాయి, అంతే.

ఒక ఉదాహరణ పట్టుకుందాం. మీరు ఇంట్లో పచ్చళ్ళు పెట్టి అమ్ముతున్నారు, ఒక చిన్న సైట్ ఉంది. "ఆవకాయ" అనే ఒక్క మాట మీద పైకి రావాలని చూస్తే మీ ముందు పెద్ద పెద్ద వంటల సైట్లు, యూట్యూబ్ వీడియోలు, అమ్మకాల యాప్‌లు ఉంటాయి. పోనీ వచ్చారే అనుకోండి, ఆ మాట కొట్టిన మనిషికి ఏం కావాలో మీకు తెలీదు, రెసిపీ కావచ్చు, ఫొటో కావచ్చు, కొనడానికీ కావచ్చు. అదే "ఆవకాయ పైన తెల్లగా బూజు వచ్చింది ఏం చేయాలి" అని కొట్టిన మనిషి జాడీ ముందు నిలబడి కంగారు పడుతోంది. "అమెరికా తీసుకెళ్ళడానికి ఆవకాయ ప్యాకింగ్" అని వెతికినాయన సూట్‌కేస్ సర్దుకుంటున్నాడు. వీళ్ళు పదిమంది వచ్చినా చాలు, ఎందుకంటే ఆ పదిమందికీ మీ దగ్గర నిజంగా జవాబు ఉంది.

మరి ఈ మాటలు ఎక్కడ దొరుకుతాయి? టూల్స్ కంటే ముందు మీ ఫోన్ తెరవండి. కస్టమర్లు వాట్సాప్‌లో అడిగినవి ఉన్నదున్నట్టు ఒక షీట్‌లో రాసుకోండి, భాష సరిచేయొద్దు. "మూడో రోజు తిరగకలిపాక ఉప్పు చాలకపోతే ఇప్పుడు వేయొచ్చా", "నూనె పైకి తేలట్లేదు", "వెల్లుల్లి లేకుండా ఉంటుందా". ఇవన్నీ కీవర్డ్సే, అంటే జనం సెర్చ్‌లో కొట్టే మాటలే. నాకైతే ఇంతకంటే మంచి కీవర్డ్ టూల్ ఇప్పటిదాకా కనపడలేదు.

ఆ తర్వాత గూగుల్. "ఆవకాయ" కొట్టి ఒక స్పేస్ ఇచ్చి ఆగండి, కింద వచ్చే సజెషన్స్ రాసుకోండి. ఇంగ్లీష్ అక్షరాల్లో కూడా కొట్టి చూడండి, మనవాళ్ళు చాలామంది తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లోనే టైప్ చేస్తారు, అక్కడ వేరే సజెషన్స్ వస్తాయి. ఇక్కడ చాలామంది తెలుగు సైట్లవాళ్ళు నష్టపోతున్నారని నా బాధ.

ఇప్పుడు సెర్చ్ కన్సోల్. పెర్ఫార్మెన్స్ రిపోర్ట్‌లో 16 నెలల వరకు డేటా ఉంటుంది. యావరేజ్ పొజిషన్ (సెర్చ్ ఫలితాల్లో మీరు సగటున ఎన్నో స్థానంలో వస్తున్నారో) ఆన్ చేసి, అది 8 నుంచి 20 మధ్య ఉన్న క్వెరీలు, అంటే జనం వెతికిన మాటలు చూడండి. అంటే గూగుల్ మిమ్మల్ని ఆ ప్రశ్నకి ఇప్పటికే కొంచెం నమ్మింది, కానీ బహుశా మీ పేజీలో జవాబు సరిగ్గా లేదు. కొత్త పేజీ రాసేకంటే ముందు ఆ పాత పేజీలోనే ఒక సబ్‌హెడింగ్ పెట్టి నాలుగు లైన్లలో సూటిగా జవాబివ్వండి, తడి గరిటె పెట్టడం వల్లో, ముక్కలు మునిగేంత నూనె లేకో బూజు వస్తుందని మీకు తెలుసు కదా, అదే రాయండి. ఇంకోటి, మరీ అరుదైన క్వెరీలని ప్రైవసీ కోసం గూగుల్ ఈ రిపోర్ట్‌లో చూపించదు, కాబట్టి లిస్ట్‌లో లేదు కదా అని ఎవరూ వెతకట్లేదనుకోవద్దు. రోజూ వచ్చే సెర్చ్‌లలో దాదాపు 15 శాతం అంతకుముందు ఎప్పుడూ చూడనివే అని గూగులే చెప్పింది. కీవర్డ్ ప్లానర్‌లో (ఒక మాటని నెలకి సుమారు ఎంతమంది వెతుకుతారో చూపించే గూగుల్ టూల్) నంబర్ కనపడలేదని మంచి ప్రశ్నని వదిలేయకండి.

నేను మొదట్లో చేసిన తప్పు ఒకటి చెప్తా. "బూజు ఎందుకు వస్తుంది"కి ఒక పేజీ, "బూజు పోవాలంటే"కి ఒక పేజీ, "బూజు రాకుండా"కి ఇంకో పేజీ రాశా. మూడింట్లో ఉన్నది ఒకటే విషయం, దేన్ని చూపించాలో గూగుల్‌కీ అర్థం కాలేదు, ఒక్కటీ పైకి రాలేదు. మూడూ కలిపి ఒకే పేజీ చేసి, పాతవాటిని దానికి రీడైరెక్ట్ చేశాకే, అంటే పాత లింక్ తెరిచినా కొత్త పేజీకే వెళ్ళేలా పెట్టాకే కదలిక వచ్చింది. అడిగే మాట మారినా కావాల్సింది ఒకటే అయితే పేజీ ఒకటే.

హోంవర్క్: కస్టమర్లు అడిగినవి 20 ప్రశ్నలు షీట్‌లో రాసి, ఒకే జవాబు సరిపోయేవాటికి ఒకే రంగు వేయండి. ఎన్ని రంగులొస్తే అన్ని పేజీలు. నాలుగో భాగంలో అందులో ఒక రంగు తీసుకుని టైటిల్, మొదటి పేరా రాద్దాం, షీట్ దగ్గర పెట్టుకుని రండి.