వడ్డీ వ్యాపారి వేధిస్తుంటే పోలీసు ఫిర్యాదు ఎలా రాయాలి?

తెల్లకాగితాలు, నీలం పెన్ను, ఆధార్ జిరాక్సు, అప్పు చిట్టా. అంతే. చేత్తోనే రాయాలి, టైపు చేయించొద్దు. టైపు అర్జీలన్నీ ఒకే అచ్చు, పేర్లే మారతాయి. చదివే ఎస్సైకి ఆ సంగతి తెలుసు.

ముందు లెక్క తేల్చండి. విశాఖ కంచరపాలెంలో పూలమ్మే ఒకావిడ చిట్టా తెచ్చింది: రాసుకున్న అప్పు 10,000, చేతికిచ్చింది 8,500, రోజుకు వంద చొప్పున వంద రోజులు. రెండు అంకెలూ రాయాలి. పదివేలని ఊరుకుంటే మింగిన 1,500 ఎవరికీ కనబడదు.

ఇక అసలు మెలిక. "అయిదు రూపాయల వడ్డీ గుంజుతున్నాడు, న్యాయం చేయండి" అని రెండు పేజీలు ఏడుస్తారు. స్టేషన్లో "సివిల్ మేటరమ్మా, కోర్టుకెళ్ళు" అంటారు. కొంత నిజమే. విపరీతమైన వడ్డీని తగ్గించే అధికారం 1918 నాటి యూజూరియస్ లోన్స్ చట్టం కోర్టుకిచ్చింది, స్టేషనుకు కాదు. పోలీసులకు కావలసింది బెదిరింపు. ఏ తేదీ, ఎన్నింటికి, ఎవరెవరొచ్చారు, ఏమన్నారు, పక్కన ఎవరు విన్నారు.

"దుర్భాషలాడారు" అని మాత్రం రాయకండి. అన్న బూతు అన్నట్టే దించండి. పూలావిడ సిగ్గుపడి మొదట ఒక్క ముక్కా చెప్పలేదు. గంట కూర్చోబెడితే "రేపటికి కట్టకపోతే నీ కూతురి కాలేజీకొస్తా" అన్నాడని బయటపడింది. ఆ ఒక్క వాక్యం ముందు రెండు పేజీల వడ్డీ గోల దండగ. అలాగని తగలని దెబ్బలు కలపొద్దు, ఒక్క అబద్ధం దొరికితే మిగతా నిజాలన్నీ నీళ్ళపాలు.

భయపెట్టి డబ్బు గుంజడం భారతీయ న్యాయ సంహితలో 308, బెదిరింపు 351. ఇవి మీరు తెలుసుకోవడానికే, అర్జీలో రాయడానికి కాదు. సెక్షన్లు వేసేది పోలీసులు.

ఖాళీ చెక్కులిచ్చి ఉంటే వాటి నంబర్లు, సంతకం పెట్టిన ఖాళీ ప్రోనోటు సంగతి తప్పక రాయండి. రేపు వాడు చెక్కు బౌన్స్ కేసు వేస్తే, ముందే చెప్పామనడానికి ఈ కాగితమే చేతిలో ఉంటుంది. కొత్త ప్రోనోటు మీద ఎట్టి పరిస్థితుల్లో సంతకం పెట్టొద్దు.

కేసు కడితే ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. కట్టకపోతే పోట్లాడకుండా అదే ఫిర్యాదును విశాఖ పోలీస్ కమిషనర్‌కు పోస్టులో పంపండి. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ కోర్టు. లోన్ యాప్ వేధింపులైతే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి. ఆడవాళ్ళకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత లాయరు దొరుకుతాడు, న్యాయ సహాయ హెల్ప్‌లైన్ 15100కు ఫోన్ చేయండి.

పోస్టాఫీసు రశీదు పర్సులో పెట్టి పోగొట్టుకుంటారు. మీ నకలుకే పిన్ను కొట్టేయండి.